క్లారీ చెప్పిన యాభై

మతుకు తీరంలో క్లారీ హాబ్స్ నోట ఏ లెక్క వచ్చినా దాన్ని సగం చేసి వినడం అందరికీ అలవాటు. మూరెడు చేప పట్టానంటే జానెడని అర్థం. నూరు పీతలంటే యాభై, అందులోనూ పక్కవాడి బుట్టలోవి కొన్ని. ఒకసారి ఒక కహవాయ్ చేప గాలం మింగి, పడవతో సహా తనని ఆస్ట్రేలియా దాకా లాక్కుపోయిందనీ, అక్కడ అధికారులు పాస్‌పోర్టు అడిగేసరికి ఆ చేపే సిగ్గుపడి వెనక్కి తిప్పిందనీ చెప్పేవాడు. ఆ కథ విన్నప్పుడల్లా అతని భార్య నోలీన్, అల్లుతున్న స్వెటరు మీంచి తల ఎత్తకుండానే, "ఆస్ట్రేలియా కాదు, అవతలి ఒడ్డు. సగం చెయ్యి క్లారీ," అనేది. ఊరికి సగం చెయ్యడం నేర్పింది ఆవిడే.

నోలీన్ పోయి పదకొండు నెలలయింది. భార్య పోయిన మగాడు మాటలు తగ్గిస్తాడంటారు. క్లారీ తగ్గించలేదు, పెంచాడు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి పొద్దున లేచిన దగ్గర్నించి కోతలు కోస్తూనే ఉంటే, పాపం దుఃఖం దాచుకుంటున్నాడని ఊరంతా జాలిపడింది. దాచుకుంటున్న మాట నిజమే. అది ఒక్క దుఃఖమే కాదు.

ఆ మార్చి శనివారం పొద్దున వంటింట్లో ఎప్పటిలాగే ఓట్స్ జావ ఉడుకుతోంది. కోడలు నైరీ గిన్నెలు సర్దుతోంది. తొమ్మిదేళ్ళ మనవరాలు హూయా, ఎర్ర చారల పసుపుపచ్చ రేకు డబ్బాలోంచి చెంచాతో పాకం తీసి జావ మీద తన పేరు రాసుకుంటోంది. కొడుకు గ్రేమ్ బల్ల మీద కంప్యూటరు తెరిచి, అమ్మకానికి ఉన్న కార్ల బొమ్మలు చూస్తున్నాడు. ఆరు నెలలపాటు కోర్టు దగ్గరున్న లైసెన్సు మొన్ననే చేతికొచ్చింది. ఇంట్లో ఇప్పుడు బండి లేదు. పాతదాన్ని అతనే పాత ఇనుముకి ఇచ్చేశాడు.

"ఇదిగో, ఇది చాలు మనకి," అన్నాడు గ్రేమ్, తెరని భార్య వైపు తిప్పి. చిన్న నీలం కారు. అరచేతిలో పట్టేలా ఉంది.

"వెనక కొక్కెం ఉందా?"

"లేదు."

"మరి పడవ?"

గ్రేమ్ తెరని మళ్ళీ తన వైపు తిప్పుకున్నాడు. ఆ మౌనం అంటే క్లారీకి భయం. గబుక్కున అందుకున్నాడు.

"పడవకేం, కాళ్ళు మొలిపిద్దాం. మా చిన్నప్పుడు ఒక పడవ తనంతట తనే నడిచి నీళ్ళలోకి దిగేది. ఆదివారం మాత్రం కదలనని మొరాయించేది."

"ఎన్ని కాళ్ళు కోరో?" అంది హూయా. ఆ తీరంలో పిల్లలు తాతని పిలిచే పిలుపు అదే. కోడలూ అలాగే పిలుస్తుంది.

"పన్నెండు."

"అంటే ఆరు," అని హూయా జావ తినడంలో పడింది.

నైరీ నవ్వలేదు. గరిట పక్కన పెట్టి మొగుడి ఎదురుగా కూర్చుంది. "గ్రేమ్, పడవ లాగలేని బండి ఈ ఊళ్ళో ఏం చేసుకోను? రేవు కొండ కింద ఉంది. మా అమ్మ వాళ్ళ ఇళ్ళలో పెళ్ళికైనా చావుకైనా చేప తెచ్చేది నువ్వు. నువ్వు మానేసిన దగ్గర్నించి ఎవరూ ఒక్క మాట అడగలేదు. అడగకుండా పట్నం నుంచి కొనుక్కొస్తున్నారు. అది నాకు ఎలా ఉంటుందో తెలుసా?"

"పడవ అమ్మేద్దాం. పట్నంలో మాంసం ఫ్యాక్టరీలో పని ఖాయమైంది. ఈస్టర్ వెళ్ళాక రమ్మన్నారు. అక్కడికి చిన్న కారు చాలు."

"నేనూ హూయా రాం. ఆ మాట కిందటి నెలే చెప్పాను."

"చెప్పావు."

"అయినా వెళ్తావా?"

"వెళ్తాను," అన్నాడు గ్రేమ్. కంఠంలో కోపం లేదు. కోపం ఉన్నా బావుండేది.

క్లారీ చెంచా జావలో అలాగే నిలబడిపోయింది. తను ఒక్క మాట చెబితే కొడుకు ఇల్లు వదిలి వెళ్ళడు. ఆ మాట చెబితే, కొడుకు మళ్ళీ తన మొహం చూడడు. పదకొండు నెలలుగా ఈ రెండింటి మధ్యా వేలాడుతూ, మధ్యలో పడవకి కాళ్ళు మొలిపిస్తున్నాడు.

జరిగింది ఇదీ. కిందటి ఏడాది ఈస్టర్ శనివారం, కారు వెనక ట్రైలరు మీద పడవ కట్టుకుని అందరూ రేవుకి బయల్దేరారు. కొండ మీంచి రేవుకి దిగేది కంకర రోడ్డు. కొంత దిగువన, పశువులు దాటకుండా రోడ్డుకి అడ్డంగా ఇనప కమ్మీలు పరిచి ఉంటాయి. నోలీన్ ఎప్పుడూ కొండమీదే కారు దిగి, టీ ఫ్లాస్కూ రొట్టెల బుట్టా పట్టుకుని ముందు నడిచేది. "నా మోకాళ్ళే నయం, గ్రేమ్ బ్రేకుల కన్నా," అని వేళాకోళం చేసేది. ఆ రోజు కమ్మీల మీద కారు ఎగిరి దిగగానే ట్రైలరు ఊడిపోయింది. ఊడితే పట్టుకోవడానికి కట్టే గొలుసూ ఆపలేదు. పడవ కారుని దాటి, తన బరువుతో తనే పల్లానికి పరిగెత్తింది. చప్పుడుకి నోలీన్ వెనక్కి తిరిగి చూసింది. అంతే.

కారు వెనక కొక్కేనికి ఒక ఇనప గుండు ఉంటుంది. ట్రైలరు మూతి దాని మీద టోపీలా కూర్చుంటుంది. వాళ్ళ దేశంలో గుండ్లు రెండు రకాలు. ఒకటి పాత అంగుళాల కొలతది, ఇంకోటి మిల్లీమీటర్లది, నెత్తి మీద యాభై అని అంకె కొట్టి ఉండేది. పాతది దానికన్నా గోరు మందం చిన్నది. యాభై మూతిని పాత గుండు మీద పెట్టినా చక్కగా కూర్చుంటుంది, తాళం కూడా పడుతుంది. గతుకు వచ్చేదాకా తెలియదు. పడవ ట్రైలరుది యాభై మూతి. ఆ రోజు కారుకి ఉన్నది పాత గుండు. పోలీసులు కొలిచి చెప్పారు.

గ్రేమ్ ఊరి శ్మశానంలో, బడిలో గడ్డి కోసే పని చేస్తాడు. గడ్డి మిషను లాగే పాత ట్రైలరుకి పాత గుండు కావాలి. గురువారం పొద్దున పాతది బిగించడం, సాయంత్రం తీసి యాభైది పెట్టడం అతని వాడుక. ఆ వారం కూడా మార్చాననే మొదట చెప్పాడు. కొలత కాగితం చూపించాక చెప్పడం మానేశాడు. తగిలించేముందు అంకె చూశావా అని కోర్టులో అడిగితే, చూడలేదన్నాడు. వెనక బెంచీ మీద క్లారీ కూర్చుని ఉన్నాడు.

ఆ మధ్య శుక్రవారం ఏం జరిగిందో క్లారీకి ఒక్కడికే తెలుసు.

* * *

నైరీ వాళ్ళ అక్క కారు అడిగి తీసుకుని, నలుగురూ పట్నం వెళ్ళారు. పాత బళ్ళు అమ్మే సెల్విన్ లావుపాటి మనిషి. తన దగ్గరున్న ప్రతి బండినీ ఒక ముసలావిడ చర్చికి మాత్రమే నడిపిందని చెబుతాడు.

"ఈ జిల్లాలో అంతమంది ముసలమ్మలు ఉంటే చర్చిలు చాలవురా సెల్విన్," అన్నాడు క్లారీ.

"నువ్వా క్లారీ! నీ మాట సగం చేసినా నా మాట కన్నా పెద్దదే," అని సెల్విన్ పకపకా నవ్వి, గ్రేమ్ మొహం చూసి నవ్వు ఆపేశాడు. జిల్లాలో ఆ సంగతి తెలియనివాడు లేడు.

నీలం కారు గేటు దగ్గరే ఉంది. నైరీ దాని వైపు చూడనే లేదు. తిన్నగా వెనక వరసలో ఉన్న బూడిదరంగు డీజిల్ వ్యాగన్ దగ్గరికి నడిచి, మోకాళ్ళ మీద కూర్చుని కిందకి తొంగి చూసింది.

"పడవ, మోటారు, ట్రైలరు, పెట్రోలు, వలలు అన్నీ కలిపి తొమ్మిది వందల కిలోలు. ఇది లాగుతుందా?"

"ఇది నీ పడవనీ లాగుతుంది, ఆపైన మీ మావగారి కథల్నీ లాగుతుందమ్మా. నాలుగు చక్రాలూ తిరుగుతాయి. బరువైన బండి. తేలిక బండికి పడవ కడితే దూడ ఆవుని ఈడ్చుకుపోయినట్టుంటుంది. ఆ నీలంది చూశావూ, తడి రేవులో పడవ కట్టి ఎక్కించావంటే ముందు చక్రాలు నిలబడ్డచోటే తిరుగుతాయి. వెనక్కి జారి కారు కూడా చేపల పాలే."

"ట్రైలరుకి బ్రేకులు లేవు."

"పెట్టించండి. ఇంత బరువుకి పెట్టించాల్సిందే. గొలుసు కూడా కొత్తది వెయ్యి. వంద కిలోమీటర్ల వేగంతో పోయే రోడ్డు కాదు మీది, కానీ ఆ కొండ..." సెల్విన్ నాలిక కరుచుకున్నాడు. సర్దుకోవాలని ఆఫీసు గదిలోకి పరిగెత్తాడు. తిరిగొచ్చి, చేతిలో ఉన్న రెండు గుండ్లు వ్యాగన్ బానెట్ మీద పెట్టాడు. "బండి తీసుకుంటే గుండు నా తరఫున. ఏది కావాలో చూసుకోండి. పాతదా, యాభైయా?"

బానెట్ రేకు మీద రెండూ టంగుమన్నాయి.

గ్రేమ్ వాటిని చూస్తూ నిలబడ్డాడు. తరవాత రెండు చేతుల్లోకీ ఒక్కొక్కటి తీసుకున్నాడు. బరువు చూసినట్టు పైకీ కిందకీ ఊపాడు.

"కళ్ళు మూసుకుని చెప్పగలను అనుకునేవాణ్ణి, ఏది ఏదో," అని మెల్లగా రెండూ కింద పెట్టి, గేటు వైపు నడిచాడు. "సెల్విన్, ఆ నీలం కారు కాగితాలు తియ్యి."

"గ్రేమ్!" నైరీ వెంటపడింది. "అది కొన్నావంటే నువ్వొక్కడివే ఎక్కు. నేనూ హూయా అక్క కారులోనే పోతాం."

"సరే."

"సరేనా? అంతేనా? మీ అమ్మ పోయింది గ్రేమ్. నాకూ పోయింది. పురుడొచ్చినప్పుడు నా చెయ్యి పట్టుకున్నది ఆవిడే. కానీ నువ్వు బతికుండి పోతున్నావే, దానికి ఏ కోర్టు ఉంది? ఒక్కసారి మర్చిపోయావు. మనుషులు మర్చిపోతారు!"

"మర్చిపోలేదు!" గ్రేమ్ గట్టిగా అరిచాడు. పదకొండు నెలల్లో అతని నోట అంత పెద్ద గొంతు రావడం అదే మొదలు. "అదే నీకు అర్థం కావట్లేదు నైరీ. గురువారం సాయంత్రం మార్చినట్టు నాకు గుర్తుంది. నట్టు బిగించడం గుర్తుంది. రెంచి జారి వేలు చీరుకోవడం గుర్తుంది. అమ్మ ఆ వేలికి గుడ్డ కట్టింది. అదంతా జరగలేదంటే నాకు గుర్తున్నవాటిలో ఇంక ఏది జరిగినట్టు? పొయ్యి ఆపానో లేదో అని రోజుకి పదిసార్లు లేచి చూస్తున్నాను. గడ్డి కోసేటప్పుడు మిషను ముందు ఎవరో ఉన్నారని ఆగిపోతున్నాను. హూయాని ఎత్తుకోను, చూశావా? ఎత్తుకుంటే ఎక్కడ దించానో నాకు తెలుస్తుందన్న నమ్మకం లేదు. నాకు నా చేతులు లేవు నైరీ. ఉన్నట్టు కనిపిస్తున్నాయి, అంతే."

సెల్విన్ మర్యాదగా లోపలికి పోయాడు. కంకర మీద నలుగురే మిగిలారు.

క్లారీ ఇన్నాళ్ళూ తన మౌనానికి ఒక ధర కట్టుకున్నాడు. కొడుకు బాధ పడతాడు, కాలం గడిస్తే తేరుకుంటాడు అని. కొడుకు దగ్గర తను దొంగిలించింది పేరు కాదు, లైసెన్సు కాదు, వాడి చేతులని ఇప్పుడు విన్నాడు.

"గ్రేమూ," అన్నాడు. "నువ్వు మార్చలేదనుకోకు. మార్చావు. తిరిగి తీసింది నేను."

"శుక్రవారం మధ్యాహ్నం. పక్కింటి పోకై తన పాత ఇనప పొయ్యి అవతలి వీధికి చేర్చమన్నాడు. వాడి ట్రైలరు అంగుళాలది. మీరంతా చర్చికి నడిచి వెళ్ళారు. యాభైది తీసి పాతది పెట్టాను. పొయ్యి చేర్చాను. తరవాత వాడి వరండాలో కూర్చుని ఆ ఆస్ట్రేలియా కథ చెప్పాను. వాళ్ళ చుట్టాలు కూడా ఉన్నారు, పడీ పడీ నవ్వారు. ఇంకోటి చెప్పమన్నారు. చెప్పాను. ఇంటికొచ్చి తాళాలు మేకుకి తగిలించాను. గుండు సంగతి... నవ్వుతూ వచ్చానురా. నవ్వుతూనే పడుకున్నాను."

హూయా తాత చెయ్యి పట్టుకుని ఊపింది. "దీన్ని సగం చెయ్యాలా కోరో?"

"వద్దు తల్లీ," అన్నాడు క్లారీ. "ఇది సగమవదు."

గ్రేమ్ తండ్రి వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అలిసిపోయిన జాలి ఉంది.

"బాగా కట్టావు నాన్నా," అన్నాడు గ్రేమ్. "పోకై పొయ్యి, వరండా, అన్నీ కుదిరాయి. నా బరువు నువ్వు నెత్తిన పెట్టుకుందామనేగా? పన్నెండు కాళ్ళ పడవ చెప్పు, వింటాను. అమ్మ చావు మీద మాత్రం కథ కట్టకు."

"కథ కాదురా!"

"నీ జన్మలో నువ్వు చెప్పింది ఒక్కటి కథ కానిది ఉందా?"

వేల అబద్ధాలకి ఊరంతా చెవులొగ్గింది. ఒక్క నిజానికి కడుపున పుట్టినవాడు తల అడ్డంగా ఊపుతున్నాడు. క్లారీ కోడలి వైపు చూశాడు. ఆమె కూడా కళ్ళు తుడుచుకుంటూ, "ఊరుకోండి కోరో, మీరూ మొదలుపెట్టకండి," అంది.

అప్పుడు గుర్తొచ్చింది అతనికి, ఒక రేకు ముక్క.

"అల్మారాలో పోలీసులు గుండు వేసి తిరిగిచ్చిన సంచి ఉంది," అన్నాడు. "సీలు కూడా తియ్యలేదు. నువ్వు తియ్యలేదు, నేను తియ్యలేదు, ఎవరూ ముట్టుకోలేదు. అవునా? నట్టు కింద వేసే స్ప్రింగు వాషరు ఆ రోజు గడ్డిలో పడిపోయింది. ఎంత వెతికినా దొరకలేదు. షెడ్డులో ఖాళీ పాకం డబ్బా ఉంటే కత్తిరించి, మేకుతో కన్నం చేసి, ఆ ముక్క వేసి బిగించాను. పసుపుపచ్చ రేకు. ఎర్ర చార ఉంటుంది. విప్పి చూడు. లేకపోతే నేను అబద్ధాలకోరుని."

* * *

అందరూ తిన్నగా ఇంటికి వచ్చేశారు. సెల్విన్ దగ్గర ఏమీ కొనలేదు.

నడవలో అల్మారా పైఅరలో, నోలీన్ గడ్డి టోపీ పక్కన, గోధుమరంగు మందపాటి కాగితం సంచి ఉంది. గ్రేమ్ దాన్ని తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు. పొద్దుటి పాకం డబ్బా ఇంకా అక్కడే ఉంది, మూత తీసి. నైరీ కత్తి అందించింది. సీలు తెగింది.

గుండు బయటికి దొర్లింది. నల్లటి గ్రీజు, అక్కడక్కడ తుప్పు. కొక్కెం నుంచి విప్పాక నట్టుని మళ్ళీ దాని కాడకే వేళ్ళతో తిప్పి పెట్టారు. గ్రేమ్ దాన్ని వెనక్కి తిప్పాడు. నట్టుకి అంటుకుని ఒక వంకర రేకు ముక్క వచ్చింది. బొటనవేలితో గ్రీజు తుడిచాడు. పసుపుపచ్చ. ఇంకొంచెం తుడిచాడు. ఎర్ర చార.

గ్రేమ్ ఆ ముక్కని డబ్బా పక్కన పెట్టాడు. చార పక్కన చార. చాలాసేపు చూశాడు. మెల్లగా ఎడమ చెయ్యి వెలుతురులోకి ఎత్తి, చూపుడు వేలి మీద ఉన్న సన్నటి తెల్లని మచ్చని చూసుకున్నాడు.

"మార్చాను," అన్నాడు. "నైరీ, నేను మార్చాను. అమ్మ గుడ్డ కట్టింది. అది జరిగింది."

ఏడుపు అతని పొట్టలోంచి వచ్చింది. నైరీ అతని తల పొదివి పట్టుకుంది. హూయా వాళ్ళ నాన్న మోకాలికి అతుక్కుంది. గ్రేమ్ ఆ పిల్లని ఎత్తుకున్నాడు. పదకొండు నెలల తరవాత.

క్లారీ గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు, లోపలికి రాకుండా.

ఏడుపు ఆగాక గ్రేమ్ తల ఎత్తాడు. అప్పుడు వచ్చింది కోపం.

"కోర్టులో నా వెనకే కూర్చున్నావు."

"కూర్చున్నాను."

"బయటికొచ్చాక నీళ్ళ సీసా ఇచ్చావు."

"ఇచ్చాను."

"వీపు మీద చెయ్యేసి, ఎవరికైనా జరుగుతుందిరా అన్నావు."

"అన్నాను."

"ఎలా అనగలిగావు నాన్నా?"

"మొదటిరోజు నాకు మాట రాలేదు," అన్నాడు క్లారీ. "రెండోరోజు చెబుదామనుకునేసరికి నువ్వు నీదే తప్పన్నావు. మూడోరోజు మట్టి వేశాం. ఆ తరవాత ప్రతిరోజూ, నిన్న చెప్పనందుకు ఇవాళ చెప్పలేకపోయాను. ఆవిడ పోయింది. నువ్వు కూడా నన్ను చూడనంటే ఈ భూమ్మీద నాకెవరున్నారు? అందుకు నిన్ను అమ్ముకున్నాను."

నైరీ లేచి నిలబడింది. ఆ ఇంట అడుగుపెట్టిన నాటి నుంచీ మామగారిని మీరు అన్నదే గాని ఇంకో మాట అనలేదు. "పదకొండు నెలలు నీకు జావ పోశాను," అంది. "నీ కొడుకు నిద్రలో అరుస్తుంటే గోడ అవతల నువ్వు వింటూ పడుకున్నావు. పో, నా వంటింట్లోంచి బయటికి పో."

క్లారీ వెళ్ళాడు. పెరట్లో పడవ షెడ్డు ఉంది. అక్కడే మంచం వేసుకున్నాడు.

* * *

సోమవారం అతను పోలీసు స్టేషనుకి నడిచి వెళ్ళి అంతా రాయించాడు. కుర్చీలో ఉన్న కానిస్టేబులు మతుకు మనిషే. కాగితం మీద కలం ఆపి, "ఇది... ఇలాగే రాయనా క్లారీ?" అని అడిగాడు. "ఉన్నదున్నట్టు రాయి. ఏం తీసెయ్యకు," అన్నాడు క్లారీ. పైవాళ్ళకి పంపుతామన్నారు. ఊరికి సాయంత్రానికల్లా తెలిసిపోయింది. కొందరు పలకరించడం మానేశారు. పోకై వచ్చి షెడ్డు బయట బల్ల మీద కాసేపు కూర్చుని లేచి వెళ్ళాడు.

కథలు ఆగిపోయాయి. హూయా మాత్రం రెండు పూటలా పళ్ళెం తెచ్చి ఇచ్చేది. తల్లి పంపిందో, పిల్లే తెచ్చిందో క్లారీ అడగలేదు. "పడవ కాళ్ళ కథ చెప్పు కోరో," అనేది. "దానికి కాళ్ళు లేవమ్మా," అనేవాడు.

ఆ వారంలోనే బూడిదరంగు వ్యాగన్ వాకిట్లోకి వచ్చింది. షెడ్డు కిటికీలోంచి చూశాడు క్లారీ. పట్నం ప్రయాణం ఊసు మళ్ళీ వినిపించలేదు. ట్రైలరుని ఎక్కడికో పంపి బ్రేకులు పెట్టించారు. కొత్త గొలుసు తెచ్చారు, వేలంత లావున్నది. గ్రేమ్ షెడ్డులోకి రావలసిన పనులన్నీ తండ్రి బయట ఉన్నప్పుడు చేసుకుని పోయేవాడు. మూడు వారాలు ఒక్క మాట లేదు.

ఈస్టర్ శనివారం పొద్దున షెడ్డు తలుపు తెరుచుకుంది. గ్రేమ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తెల్లవారి వెలుతురు అతని వెనక ఉండడంతో మొహం కనిపించలేదు.

"రా," అన్నాడు.

వాకిట్లో వ్యాగన్ వెనక పడవ నిలబెట్టి ఉంది. ఇంకా తగిలించలేదు. నైరీ చేతిలో టీ ఫ్లాస్కూ బుట్టా ఉన్నాయి. ఆమె క్లారీ వైపు చూడలేదు, మొహం తిప్పుకోనూ లేదు.

"చాలా ఆలోచించాను నాన్నా," అన్నాడు గ్రేమ్. "నువ్వు మార్చి మర్చిపోయావు. నేను అంకె చూడకుండా తగిలించాను. వంగి ఒక్కసారి చూస్తే కనిపించేది. తెలుసుగా, గొలుసు తుప్పు పట్టిందని కూడా అమ్మే రెండుసార్లు చెప్పింది. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా ఆవిడ ఇవాళ ఆ బుట్ట పట్టుకుని ఉండేది. సగం నీది, సగం నాది. ఇన్నాళ్ళూ రెండు సగాలూ నేనే మోశాను. ఇకమీదట నీది నువ్వు మొయ్యి."

"మోస్తానురా."

"క్షమించానని అనట్లేదు. అనగలిగితే అంటాను."

"అనకపోయినా..." అన్నాడు క్లారీ.

"ఇకమీదట ఈ ఇంట్లో పడవ కట్టేముందు అంకె ఇద్దరు చదవాలి, పైకి వినిపించేలా. వంగు. దాని మీద ఏముందో చెప్పు."

క్లారీ మోకాళ్ళు పట్టుకుని, మెల్లగా వంగి, కంకర మీద కూర్చున్నాడు. కొత్త గుండు మెరుస్తోంది. కళ్ళలో నీళ్ళు నిండి అంకె అలికిపోయింది. ఎంత రెప్పలార్చినా కనపడలేదు. చెయ్యి చాచి, గుండు నెత్తి మీద చూపుడు వేలు పెట్టి, గుంటగా చెక్కిన అంకెల వెంట తడుముతూ పోయాడు. ముందు అయిదు. పక్కన సున్నా. అనుమానం లేకుండా మళ్ళీ మొదటినుంచి తడిమాడు.

"యాభై," అన్నాడు.

హూయా అలవాటుగా నోరు తెరిచింది. తాత వేలి వైపు చూసి, వాళ్ళ నాన్న వైపు చూసి, నోరు మూసుకుంది. తనూ పక్కన గొంతుక్కూర్చుని, తాత వేలి మీదే తన వేలు పెట్టి చదివింది.

"యాభై."

గ్రేమ్ ట్రైలరు మూతిని గుండు మీదకి దించాడు.